సరుగుడు తోపులో మా బస్సిల్లు

పోయిన వారం మా మనవడు బెంగళూరులో అద్దెకు తీసుకున్న క్యారవాన్ ఒకటి తెచ్చి హిందూపురంలో మా వాకిట్లో నిలిపాడు. స్నేహితులతో కలిసి నాలుగు రోజులు సముద్రం ఒడ్డున ఉండి వచ్చాడట. "ఎక్కి సూడు అవ్వా, ఇల్లే ఇది" అని చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. మడత మంచాలూ గ్యాసు పొయ్యీ చిన్న ఫ్రిజ్జూ ఒక్కొక్కటే చూపిస్తున్నాడు గానీ, నాకవేవీ కంటికి ఆనలేదు. తడిసి సరిగా ఆరని పరుపు వాసన, ఇంజను ఆయిలు వాసన, వాటి అడుగున ఎక్కడో సన్నగా ఉప్పు వాసన. అది ముక్కుకు తగలగానే చేతికందిన కమ్మీ పట్టుకున్నాను. "ఏమైంది అవ్వా?" అంటాడు వాడు. నీళ్లు తాగి కూర్చున్నాక చెప్పాను వాడికి. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

అరవయ్యో దశకం మొదటి రోజుల మాట. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మా నాయన హిందూపురంలో బస్సులకు బాడీ కట్టే షెడ్డులో వడ్రంగం చేసేవాడు. మా ఇల్లు షెడ్డు వెనకే కాబట్టి, తెల్లవారితే రేకు మీద సుత్తి దెబ్బలు, టేకు పొట్టు వాసన, వార్నీషు వాసన, బడి నుంచి వచ్చేసరికి ఇంటి గడప దాకా ఎగిరొచ్చి పడిన రంపపు పొట్టు, అందులో దాగుడుమూతలాడి ఒళ్లంతా దురద పెట్టి అమ్మ చేత చీవాట్లు తినడం, ఇదీ మా లోకం. నీళ్ల కరువు ఊరు మాది. ఎండాకాలం వీధి బావిలో చేద వేస్తే అడుగు బండకు తగిలి టంగుమనేది. ఏ ఊరి చెరువైనా నిండిందని తెలిస్తే జనం రొట్టెలు కట్టుకుని, చంకన బిడ్డలనెత్తుకుని చూడడానికి పోయేవాళ్లు. అటువంటి ఊళ్లో పుట్టిన మా అవ్వకు, అంటే నాయనను కన్న తల్లికి, కార్తీక పున్నమికి సముద్రంలో మునగాలని ఆశ. "కండ్లు మూసేలోపల ఒక్కసారి సూపీరా నాగా" అని నాయనను ఏటా అడిగేది.

నాయన ఆ మాటను మనసులో పెట్టుకున్నాడు. పెనుకొండ దారిలో తిరిగి తిరిగి అరిగిపోయిన పాత బస్సొకటి షెడ్డు మూలలో పడి ఉంటే, దాన్ని యజమానినడిగి తీసుకుని, సీట్లు పీకి, రెండు వైపులా మంచాలు బిగించి, కిరసనాయిలు స్టవ్వుకు అరుగు, నీళ్ల పీపాకు గుంజ, దేవుడి పటానికి గూడు, అన్నీ రాత్రులు కూర్చుని తన చేత్తో చేశాడు. ఇంజను పని ఖాదర్ మామది. మామ అంటే చుట్టం కాదు, షెడ్డులో మెకానిక్కు, నాయనకు ప్రాణస్నేహితుడు; బస్సు తోలేదీ ఆయనే. వీధిలో వాళ్లు వచ్చి చూసి, "ఏమప్పా నాగప్పా, ఇంటికి చక్రాలు పెడ్తాండావా, చక్రాలకు ఇల్లు కడ్తాండావా?" అని నవ్విపోయేవాళ్లు. మేము దాన్ని బస్సిల్లు అనేవాళ్లం.

అందరికీ సంబరం, నాకు తప్ప. బడిలో అయివారు సముద్రానికి అవతలి గట్టు కనిపించదని చెప్పారు. గట్టు లేని నీళ్లు ఆడే ఎట్లా ఆగి ఉంటాయో, ఒకనాడు బుద్ధి పుట్టి లేచి వస్తే పట్టేవాళ్లెవరో నాకు అర్థం కాలేదు. ఆ సందేహం ఎవరినడిగినా నవ్వారు. నవ్వే కొద్దీ భయం ఎక్కువైంది.

బయలుదేరే ముందురోజు అమ్మ ఓళిగలు చేసింది, జొన్నరొట్టెలు గలగలలాడేట్టు కాల్చి గుడ్డలో కట్టింది, ఊరిబిండి పచ్చడి జాడీకెత్తింది, బొరుగుల ఉంటలు డబ్బాకు పోసింది. అమ్మ మెల్లగా మాట్లాడే మనిషి. అవ్వ ఎదుట నిలబడి ఒక మాట అనడం నేనెప్పుడూ వినలేదు. తెల్లవారుజామున బయలుదేరి, పెనుకొండ కొండ కింద రేడియేటరు పొగలు కక్కితే నీళ్లు పోసుకుని, ధర్మవరం చేరేసరికి పొద్దెక్కింది. అవ్వ అప్పుడు ధర్మవరంలో మా అత్తయ్య ఇంట్లో ఉండేది. మగ్గాల గుంతల్లోంచి జనం లేచి వచ్చి బస్సు చుట్టూ మూగారు. పట్టు దారం అంటిన చేతులతో కిటికీలు తడిమి చూశారు. అవ్వ కొత్త చీర కట్టుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మెట్టెక్కి, ముందు మంచం మీద కూర్చుని, "పోనీరా ఖాదరూ!" అంది.

రెండు రోజుల ప్రయాణం తర్వాత, నెల్లూరు దాటి, ఒక సాయంత్రం సముద్రం పక్కనున్న సరుగుడు తోపుకు చేరాం. తోపుకూ రోడ్డుకూ నడుమ ఒక ఉప్పునీటి పాయ ఉంది. అప్పుడు చీలమండ లోతే ఉంది గనుక బస్సు దాంట్లోంచే దాటింది గానీ, అవతల ఇసుకలోకి దిగగానే బస్సు బరువు మోసే వెనక కమాను పట్టీ ఫటుక్కుమని విరిగింది. చెట్ల నీడలోకి ఎట్లాగో ఈడ్చి నిలిపారు. తోపు అవతల మిట్ట మీద బెస్తవాళ్ల గుడిసెలు, మిట్ట దిగితే సముద్రం.

ఆ తోపు నన్ను బెదరగొట్టినట్టు ఇంకేదీ బెదరగొట్టలేదు. మా పక్క చెట్లకు ఆకులుంటాయి, గాలొస్తే గలగలమంటాయి. ఈ చెట్లకు ఆకులు లేవు, వెంట్రుకల్లాంటి పుల్లలు. గాలి లేదనుకున్నప్పుడు కూడా ఉస్సుమని ఒకటే ఊపిరి, దాని వెనక సముద్రం మోత. రెంటిలో ఏది చెట్టో ఏది నీళ్లో తెలియదు. పున్నమినాడు అవ్వ ముక్కు మూసుకుని మూడు మునకలు వేసి, నోట్లోకి పోయిన ఉప్పునీళ్లు ఉమ్మి, చిన్నపిల్లలాగా నవ్వింది. నాయన నన్ను ఎత్తుకెళ్లి నీళ్ల అంచున నిలబెట్టాడు. అల వెనక్కి పోతూ నా కాళ్ల కింది ఇసుకను లాగేసుకుంది. నేల కదలడం నేను పుట్టి ఎరగను. కేక పెట్టి నాయన మెడకు కరుచుకుని, మళ్లీ బస్సెక్కేదాకా విడిచిపెట్టలేదు.

మర్నాడు నాయన, ఖాదర్ మామ బస్సును జాకీతో లేపి మొద్దుల మీద నిలిపి, విరిగిన పట్టీ ఊడదీసుకుని పక్క టౌనుకు పోయారు. మధ్యాహ్నానికి వస్తామన్నారు. అవ్వ, అమ్మ, నేను, ఏడాది నిండని తమ్ముడు మిగిలాం. పొద్దున్నుంచే ఆకాశం బూడిద పూసినట్టుంది. సన్నగా మొదలైన గాలి గంటగంటకూ బలిసి, మధ్యాహ్నానికి బస్సు రేకులను తట్టడం మొదలుపెట్టింది. వాన సూదుల్లాగా అడ్డంగా పడుతోంది. నాయన రాలేదు. అమ్మ స్టవ్వు ఆర్పేసి కూర్చుంది. మొద్దుల మీది బస్సు ఉయ్యాల లాగా కదులుతుంటే నేను కిటికీ కమ్మీని రెండు చేతులా పట్టుకుని, కళ్లు మూసుకుని, హిందూపురంలో మా వీధిలో ఇళ్లన్నీ వరసగా లెక్కపెట్టుకున్నాను.

అప్పుడు తలుపు దబదబా బాదారు. ముందురోజు మాకు చేపలివ్వబోయి, కార్తీకమాసం వద్దంటే నవ్విపోయిన బెస్తావిడ, పోలమ్మ. నిలువునా తడిసి ఉంది.

"ఇంకా ఈడే ఉండారేందమ్మా? గాలి తిరిగింది. పాయలోకి సముద్రం ఎక్కతా ఉంది. లేయండి, మా వలల కొట్టం కాడికి పోదాం."

"నా కొడుకు రానీ," అంది అవ్వ. "వాడొచ్చి మమ్మల్ని యాడని ఎతుక్కుంటాడు? నేను కదల్ను."

అమ్మ లేచింది. తమ్ముణ్ణి కొంగుతో కడుపుకు కట్టుకుంది.

"లెయ్ అత్తా."

"నాగా వచ్చేదాకా..."

"లెయ్ అంటాండా!"

అది అమ్మ గొంతేనా అని నేను కళ్లు తెరిచాను. అవ్వ లేచి నిలబడింది. నేను లేవలేదు. బయటున్నదంతా సముద్రమే, మా ఊరిది ఏదైనా ఉందంటే అది ఆ బస్సొక్కటే, దాన్ని వదిలితే ఇక మేము లేమని నాకనిపించింది. అమ్మ నా వేళ్లు ఒక్కొక్కటే కమ్మీ నుంచి ఊడదీసింది. మళ్లీ పట్టుకుంటే చెంప మీద కొట్టింది. అమ్మ నన్ను కొట్టడం అదే మొదలు. ఏడుపు కూడా రాలేదు, నోరు తెరిస్తే గాలి లోపలికి కొడుతోంది.

తోపులోంచి ఎట్లా నడిచామో తునకలు తునకలుగానే గుర్తుంది. కొమ్మలు విరిగే చప్పుడు, మొహాన ఇసుక, నా మణికట్టు మీద అమ్మ పట్టు, ముందు పోలమ్మ భుజం పట్టుకుని వంగి నడుస్తున్న అవ్వ. మిట్ట మీది కొట్టం గోడలు మందం మట్టివి. అక్కడ అప్పటికే ఆడవాళ్లూ పిల్లలూ చేరి ఉన్నారు. మేము వాకిట్లోకి చేరీ చేరకముందే ఎవరో "అదుగో, అదుగో!" అని అరిచారు.

తోపు పక్కగా కిందికి చూస్తే, చీలమండ లోతున్న పాయ ఏరై పారుతోంది. అవతలి గట్టున ఇద్దరు మనుషులు. చొక్కాను బట్టి ఒకరు ఖాదర్ మామ. రెండో ఆయన నాయన. నాయన నీళ్లలోకి దిగుతున్నాడు. చెరువు నిండితే చూడబోయే ఊరివాడు, ఈత ఎట్లా ఉంటుందో తెలియనివాడు, మోకాలు దాటి, తొడ దాటి దిగుతున్నాడు. మామ వెనక నుంచి పట్టి లాగుతుంటే విదిలించుకుంటున్నాడు.

"ఒరే నాగా, దిగొద్దురా!" అని అవ్వ అరిచింది. ఆ మాట నాకే సరిగా వినపడలేదు, ఆయనకేం వినపడుతుంది?

అమ్మ ఒక్క క్షణం చూసింది. గబగబా కట్టు విప్పి, తమ్ముణ్ణి రెండు చేతులా పట్టి, ఆ వానలో తల పైకెత్తి చూపించింది. వాణ్ణి పోలమ్మ చేతిలో పెట్టి నన్ను పట్టుకుంది. నేను వద్దు వద్దని తన్నుకుంటున్నా వినకుండా చంకల కింద పట్టి ఎత్తింది. అంత పైనుంచి నాకు కనిపించింది మొదట నాయన కాదు, పాయ మొగ అవతలి సముద్రం. తెల్లగా, వరసలు వరసలుగా, గట్టు లేకుండా వస్తోంది. నా జన్మలో అంత భయం ముందూ లేదు, తర్వాతా లేదు. అమ్మ దించలేదు. "చెయ్యూపు పాపా, మీ నాయనకు చెయ్యూపు" అంటోంది. ఊపాను. తర్వాత పోలమ్మా ఇంకో ఆవిడా కలిసి అవ్వను రెండు రెక్కలు పట్టి లేపారు. అవ్వ కూడా చెయ్యి ఊపింది.

నడుము లోతు నీళ్లలో నాయన ఆగిపోయాడు. తర్వాత మామ పట్టి వెనక్కి లాగితే పోయి, గట్టు బురదలో చతికిలబడి, రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

ఆ రాత్రి కొట్టంలో వలల మీద పడుకున్నాం. తెల్లారి నీళ్లు తీశాక బెస్తవాళ్లు నాయననూ మామనూ తెప్ప మీద దాటించారు. నాయన మాకేసి చూశాడే గానీ దగ్గరికి తీసుకోలేదు, నేరుగా తోపులోకి నడిచాడు. వెనకే పోయాం. సరుగుడు మానొకటి విరిగి బస్సు కప్పు మీద పడి, నేనూ తమ్ముడూ పడుకునే మంచం దాకా చీల్చుకుపోయింది. కిటికీల్లోంచి ఇసుక లోపలికి వచ్చి పేరుకుంది. నాయన ఆ మంచం చెక్క మీద చెయ్యి వేసి, నోరు తెరిచి పెద్దగా ఏడ్చాడు. "ఇల్లు కాదప్పా, మనుషులుండారు, సూడు" అని మామ భుజం పట్టుకున్నాడు. మా ఇంటి మగవాడికి కూడా భయమేస్తుందని, వేస్తే నా మాదిరే వణుకుతాడని ఆ పొద్దున తెలిసింది. తెలిసి ధైర్యమేమీ రాలేదు. ఇంకా భయమేసింది.

రైలెక్కి ఇల్లు చేరాం. ఇంజను మాత్రం మామ తర్వాత ఎప్పుడో లారీలో తెచ్చుకున్నాడు. బాడీని పోలమ్మ వాళ్లు వలలు దాచుకోవడానికి వాడుకున్నారని విన్నాం. నాయన ఇంకో బస్సిల్లు తలపెట్టలేదు. కానీ ఆనాటి నుంచి ఏ పని మొదలుపెట్టినా, "ఏమంటావు?" అని ముందు అమ్మనే అడిగేవాడు. అవ్వ కూడా అడిగేది. నేను మాత్రం ఏళ్ల తరబడి రేకుల మీద వాన పడితే అమ్మ మంచం కిందికి దూరేదాన్ని.

పెద్దయ్యాక, నాకు పిల్లలు పుట్టాక, ఒకసారి చెనిక్కాయలు ఒలుస్తూ అమ్మనడిగాను, "ఆ పొద్దు నీకు భయం కాలేదా?" అని. అమ్మ ఒలిచేది ఆపకుండా, "కొంగులో వాడు, సేతిలో నువ్వు, వెనక మీ అవ్వ. ఇంగ భయపడేదానికి సందు యాడుండాది?" అంది. ఇంకో గుప్పెడు ముందుకు లాక్కుని, "ఇంటికొచ్చినాక పడినాలే, ఒకదాన్నే, మీరంతా పండుకున్నాక" అంది.

అవ్వ పోయింది, నాయన పోయాడు, ఖాదర్ మామ పోయాడు. షెడ్డున్న చోట ఇప్పుడు కళ్యాణమండపం లేచింది; టేకు పొట్టు వాసన ఆ వీధిలో ఎవరికీ గుర్తు లేదు. అమ్మ రెండేళ్ల కిందట, తొంభై దాటాక పోయింది. ఇన్నేళ్లు పక్కపక్క ఇళ్లలో ఉన్నాం గదా, ఇంటికొచ్చాక ఒంటరిగా ఏ రాత్రి, ఏ మూల కూర్చుని భయపడిందో ఆ రోజే అడిగి ఉండాల్సింది. చెనిక్కాయలు ఒలవడం అయిపోయిందని లేచిపోయాను.