ఎర్రసిరాతో సహా

తొంభైల చివర్లో పెనుకొండలోని ఒక ప్రైవేటు బడిలో తొమ్మిదో తరగతికి తెలుగు చెప్పేదాన్ని. హిందూపురం నుంచి రోజూ బస్సులో వెళ్లేదాన్ని. డైరీలో పేజీలకు పేజీలు మాట్లాడే నాకు, తరగతిలో నోరు పెగిలేది కాదు. అందుకని చెప్పాల్సిందంతా పిల్లల పేపర్ల మార్జిన్లలో ఎర్రసిరాతో రాసేదాన్ని.

"ఏమ్మా, టిక్కులు పెట్టమంటే ఉత్తరాలు రాస్తాండావే?" అనేవారు హెడ్మాస్టరు.

క్వార్టర్లీలో 'నేను చేసిన ప్రయాణం' అని వ్యాసం ఇచ్చాను. గైడు పుణ్యమా అని తరగతి తరగతంతా విశాఖపట్నం వెళ్లి, ఒకే అలలో కాళ్లు తడుపుకుని, ఒకే సూర్యాస్తమయానికి పరవశించి తిరిగొచ్చింది. రొద్దం నుంచి వచ్చే ఒక అమ్మాయి మాత్రం గైడు కొనే భాగ్యం లేక, ధర్మవరంతోనే సరిపెట్టుకుంది. 'మా అవ్వతో ధర్మవరం పోయినాను. చీర కొన్నాము. వచ్చినాము.' అంతే వ్యాసం. తెలుగులో తప్పింది.

వాళ్ల నాయన బడికొచ్చాడు. "తెలుగే రాకుంటే ఇంగేం సదువుతుంది మేడమ్? హాఫియర్లీలో గూడా పోతే మానిపిస్తా, సేన్లో పనుండాది" అన్నాడు. నేను తలూపాను. అంతకంటే ధైర్యంగా ఏమీ చేయలేకపోయాను.

మార్జిన్లలో నేను రాసినవి చదువుకుని, వ్యాసాలు ఫెయిర్ చేసి తెమ్మని పిల్లలకు చెప్పాను. మర్నాడే తెచ్చారు. ఎంత విధేయులంటే, నా ఎర్రసిరాను కూడా ఫెయిర్ చేశారు. 'ఈ సముద్రం నువ్వు చూశావా?' అన్న నా ఎత్తిపొడుపు అలల మధ్య గుండ్రటి అక్షరాల్లో తేలుతోంది. ఆ అమ్మాయి వ్యాసం ఇలా ఉంది: 'మా అవ్వతో ధర్మవరం పోయినాను. చీర కొన్నాము. ఎవరికి? అంగట్లో మీ అవ్వ ఏమంది? వచ్చినాము. ఇంతేనా?'

నా బోధనా ప్రతిభకు నేనే ముచ్చటపడి, మధ్యాహ్నం అన్నాల బెల్లు కొట్టాక ఆ అమ్మాయిని వరండాలో కూర్చోబెట్టుకున్నాను.

"ఇవెందుకు రాశావు?"

"మీరు రాసిందే గదా మేడమ్. తప్పా?"

"అవి నిన్ను అడిగిన ప్రశ్నలమ్మా. చెప్పు, అంగట్లో మీ అవ్వ ఏమంది?"

ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "'ఏమప్పా, ఇది పట్టా, ఉల్లిగడ్డ పొట్టా? ఇట్ల పట్టుకుంటే ఆపక్క నీ మొగం కనపడతాండాది' అనింది మేడమ్. అంగడాయప్ప మూతి ముడుసుకున్యాడు."

"ఇదే రాయి."

"అవ్వ మాటలు గూడా పరీచ్చలో రాస్తారా మేడమ్? గైడులో ఉండవే!"

"నీకు గైడు లేదుగా. అదృష్టవంతురాలివి."

అప్పట్నుంచి రోజూ ఆ వేళకు ఎర్రసిరా మూసిపెట్టి, ప్రశ్నలు నోటితోనే అడిగాను. ఒక్కో ప్రశ్న రెండుసార్లు మొదలుపెట్టేదాన్ని. ఆ అమ్మాయి అదేమీ పట్టనట్టు జవాబులు చెప్పేది, తర్వాత రాసేది.

హాఫియర్లీలో 'మా ఇంట్లో ఒక రోజు' అని ఇస్తే తరగతంతా గైడులోని ఆదర్శ కుటుంబంలో వేకువనే లేచి దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ఆ అమ్మాయి ఇంట్లో మాత్రం మేక వాళ్ల నాయన చొక్కా నమిలింది. పాసైంది.

పేపరు మీద సంతకం పెట్టడానికి వచ్చిన వాళ్ల నాయన మార్కు చూశాడు. పెన్ను తీశాడు. అడుగున ఎర్రగా ఉన్న వాక్యం కనబడగానే ఆగాడు.

"పాసైంది గదా, మళ్లా ఈ ఎర్రదేంది?"

"అది తప్పు కాదు నాయనా. మేక్కి తర్వాత ఏమైందని మేడమ్ అడిగినాది. నేను చెప్పల్ల."

ఆయన సంతకం పెట్టి పేపరు కూతురి చేతికిచ్చాడు. "అడిగితే చెప్పు మరి. గమ్మునుండావేంది?"