టైరు కింది నిమ్మకాయ

టైరు కింద నిమ్మకాయ పెట్టినా సరే, స్టీరింగు ఊపి చూడందే నేను మా పాత జీపెక్కను. మావాళ్ళు నవ్వుతారు. నవ్వనీ.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచేటప్పుడు, ఒకసారి అనకాపల్లిలో చీడికాడ వెళ్ళే బొగ్గు బస్సెక్కి కూర్చున్నాను. కింద డ్రైవరు బస్సు కంపెనీ ఏజెంటుతో గొడవ పడుతున్నాడు.

"స్టీరింగు సగం సుట్టు తిప్పినా సక్రాలు కదల్డం నేదు బావా. బరువు మోసే కమాను కట్ట ఇరిగి బండి ఎడం పక్కకి ఒరిగిపోతంది."

"దిష్టి తగిలిందిరా," అంటూ ఏజెంటు కొబ్బరికాయ కొట్టి, ముందు టైరు కింద నిమ్మకాయ పెట్టాడు. "ఇంకెల్లు. ఎల్లకపోతే రేపట్నించి రాకు."

డ్రైవరు తలొంచుకుని ఎక్కాడు. మేమంతా దండాలు పెట్టుకున్నాం.

అప్పుడు రాంబిల్లి నుంచి ఎండుచేపల గంపతో వచ్చిన ఒకామె మా బస్సులోంచి దిగి, ఆ నిమ్మకాయ తీసేసింది. అపశకునమని వెనక నుంచి ఎవరో అరిచారు. ఆమె టైరుకు ఎదురుగా బైఠాయించింది.

"మోటారు సంగతి నీకేటి తెలుసే?" ఏజెంటు ఉరిమాడు.

"సుక్కాని వదులైన పడవెక్కి మా మావ తిరిగి రానేదు. ఆ పడవక్కూడా నిమ్మకాయలు కట్టేం. బాగుసెయ్యించు, అప్పుడు లెగుత్తాను."

ఆమెను లాగెయ్యమన్నట్టు ఏజెంటు మా వైపు చూశాడు. డ్రైవరు దిగి ఆమె పక్కన నిలబడ్డాడు. తర్వాత నేను దిగాను. కాసేపటికి బస్సు ఖాళీ అయింది. ఏజెంటు మేస్త్రీకి కబురు పెట్టక తప్పలేదు.

ఎండ మండిపోతోంది. మేస్త్రీ బస్సు కిందికి దూరాక, ఆమె ఆ దిష్టి నిమ్మకాయను పంటితో కొరికి, చెంబుడు నీళ్ళలో పిండుకుని, ఏజెంటు చూస్తుండగానే గటగటా తాగేసింది.