మూడో నంబరు కొక్కెం

కొలతాయన అంటే ఆ డిపోలో తెలియనివాళ్ళు లేరు. డిపో ఒకటుందని మాత్రం ఊళ్ళో ఎవరికీ తెలీదు. కొండ కింద సొరంగం, అందులో పదకొండు ట్యాంకులు, వాటి నిండా సైన్యం వాడే డీజిలు. రోజూ కిందికి దిగి, ప్రతి ట్యాంకులో టేపు ముంచి మట్టం చూడటం ఆయన పని. ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పనని సంతకం పెట్టాడు. భార్యతో "స్టోర్సులో ఉద్యోగం" అన్నాడు, ఆవిడ సరేనంది.

లోపల నిప్పురవ్వ పుట్టిందా, అంతే సంగతులు! అందుకని దిగేముందు గడియారం, తాళాలు, ఉంగరం అన్నీ గుడ్డసంచిలో వేసి సొరంగం మొదట్లో కొక్కేనికి తగిలించాలి. ఈయనది మూడో నంబరు. పంతొమ్మిదేళ్ళ కిందట ఒక సాయంత్రం ఈ మతిమరుపు మహానుభావుడు సంచి అక్కడే వదిలేసి ఇంటికొచ్చాడు.

"ఉంగరమేదండీ?" అంది భార్య.

నిజం చెప్పకూడదు, అబద్ధం చేతకాదు. "ఎక్కడో జారిపోయింది" అన్నాడు. మర్నాడు అదే ఉంగరం వేలికి పెట్టుకుని తగుదునమ్మా అని గుమ్మంలో నిలబడ్డాడు!

ఆవిడ అరిచినా బాగుండేది. "ఎవరింట్లో దొరికింది?" అని ఒక్కటే అడిగింది. ఈయన చెంబు పట్టుకుని పెరట్లోకి జారుకున్నాడు. ఆ రోజే ఆవిడ తన పక్క లోపలి గదిలోకి మార్చుకుంది. వేళకి కంచం పెట్టేది, బట్టలు ఉతికేది, పలకరించేది కాదు. ఒక్కడే ట్యాంకుల మధ్య తిరుగుతున్నప్పుడే నయమనిపించేది ఆయనకి.

మొన్న డిపో మూసేశారు. ట్యాంకులు ఖాళీ చేసి, కడిగి, ఇసకతో నింపారు. ఆఖరి రోజున అధికారి అందర్నీ నిలబెట్టి, "ఇక దాపరికం లేదు, ఇంట్లో చెప్పుకోండి" అన్నాడు. కొలతాయన మూడో నంబరు కొక్కెం గోడలోంచి ఊడబీక్కుని, సంచితో సహా ఇంటికి పరుగో పరుగు.

వంటింట్లో ఆవిడ ముందు రెండూ పెట్టి, ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పేశాడు. సొరంగం, నిప్పురవ్వ, సంతకం, మర్చిపోయిన సంచి. చెప్తూ చెప్తూ ఏడ్చేశాడు. "ఒట్టు. ఇప్పటికైనా నమ్మవే."

ఆవిడ కొక్కెం మీది నంబరు చూసింది. సంచి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇన్నేళ్ళూ ఎంత ఉతికినా ఆయన చొక్కాల్లో పోని వాసనే.

"నమ్ముతున్నానండీ."

ఆయనకి ప్రాణం లేచొచ్చింది. పీట లాక్కుని ఆవిడ పక్కన కూర్చోబోయాడు.

"కానీ మీరు లేకుండా బతకడం పంతొమ్మిదేళ్ళు పట్టి నేర్చుకున్నాను," అంది ఆవిడ మెల్లగా. "ఇవాళ ఒక్కపూటలో మర్చిపొమ్మంటే ఎలా?"

ఆయన కంచం ఆయన ముందు పెట్టి, తన కంచం తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళింది.