అమ్మవారి చుట్టూ రైలు ప్రదక్షిణ

ఈ కథ చివర్లో పొగ వస్తుంది. ముందే చెబుతున్నాను, కిటికీలు తీసుకుని చదవండి. ఆ పొగకి కారణం కరెంటు కాదు, రైలు కాదు, జర్మనీ అసలే కాదు. ముఖానికి మాస్కు, ఒళ్లంతా పొగరు తగిలించుకుని తిరిగిన అప్పటి నేను. ఆ మనిషి ఇప్పుడు ఎదురుపడితే మీటరున్నర దూరం చాలదు, వీధి మారిపోతాను.

కరోనా వచ్చిన మొదటి ఏడాది అది. జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో కార్ల ఫ్యాక్టరీకి వైరింగు డిజైన్లు చేసిచ్చే ఓ చిన్న కంపెనీలో నా ఉద్యోగం. కారులో ఏ వైరు ఏ వైరుకి తగలకూడదో చూడటమే నా పని. నమ్మండి, దానికి జీతం కూడా ఇచ్చేవారు. హోం ఆఫీసు పేరుతో ఇంట్లో కూర్చోబెట్టాక నా తెలివికి బొత్తిగా అడ్డు లేకుండా పోయింది. ఫ్రిజ్‌లో కూరగాయలు ఎలా సర్దాలో కూడా మా ఆవిడ శ్రావణికి బొమ్మ గీసి చూపించేవాణ్ణి. ఆవిడ ఆ కాగితం మీదే కొత్తిమీర ఆరబెట్టుకునేది.

మా అమ్మాయి మేఘనకి అప్పుడు ఐదేళ్లు. కిటా, అంటే అక్కడి చిన్నపిల్లల బడి, ఎప్పుడు తెరుస్తారో, ఎప్పుడు మూస్తారో ఎవరికీ తెలియని రోజులు. ఆడుకోవడానికి దానికి మిగిలింది కింది వాటాలో ఉండే క్లారా ఒక్కతే. మా పిల్లకి నా పోలికే వచ్చింది, కోతలు కోయడం. తాతయ్యకి ఏనుగు ఉందని క్లారాతో చెప్పిందట. ఆ పిల్ల జర్మన్ పిల్ల, ఫోటో అడిగింది. ఫోటో లేదు. ఆ రోజు నుంచి మేఘనని ‘ఆంగేబరిన్’ అనడం మొదలుపెట్టింది, అంటే గొప్పలు చెప్పుకునేదని.

ఒకరోజు మేఘన ఏడుస్తూ పైకి వచ్చింది.

"నాన్నా, క్లారా నాతో ఆడదట. నేనన్నీ అబద్ధాలే చెబుతానట."

"ఇప్పుడేం చెప్పావమ్మా?"

"దసరాకి మా ఇంట్లో అమ్మవారికి ట్రైన్ లడ్డూ తెస్తుందని. తేకపోతే ఇంక నా ఫ్రెండ్ కాదంది."

"మనింట్లో ట్రైన్ లేదు కదా?"

"నువ్వు ఇంజనీర్ కదా," అంది పిల్ల, ముక్కు తుడుచుకుంటూ.

ఆ ఒక్క మాటకి నేను పొంగిపోయాను. శ్రావణి మాత్రం అసలు సంగతి పట్టుకుంది. "పాపం దానికున్నది ఒక్క స్నేహితురాలండీ. ఏదో చిన్న సెట్టు కొనండి. గుండ్రంగా తిరిగేది చాలు."

"గుండ్రంగా తిరిగేది పిల్లలాట," అన్నాను.

"పిల్ల కోసమే కదండీ."

చూశారా, అక్కడే ఆగిపోయి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

బొమ్మరైళ్ల దుకాణంలో ప్లాస్టిక్ తెర వెనక నుంచి ఒకాయన రెండు రకాల పట్టాలు చూపించాడు. ఒకదానికి మామూలుగానే రెండు పట్టాలు. ఒక పట్టాలో ప్లస్, రెండోదాంట్లో మైనస్. రెండో రకానికి మధ్యలో చిన్న చిన్న మేకుల వరస కూడా ఉంది. కరెంటు ఆ మేకుల్లోంచి వస్తుంది, రెండు పట్టాల్లోంచీ తిరిగి వెళుతుంది. కొత్తవాళ్లకి ఇదే మేలు, ఎలా వంచి ఎటు కలిపినా వైరింగు గొడవ ఉండదు అన్నాడాయన.

కొత్తవాళ్లు అనేసరికి నాకు చెవుల్లోంచి ఆవిరి వచ్చింది. "నేను ఎలక్ట్రికల్ ఇంజనీర్ని. రైలుకి రెండు పట్టాలే ఉంటాయి. మేకులు చెప్పులకి ఉంటాయి," అన్నాను. మాస్కు వెనక ఆయన నవ్వాడో లేదో తెలియదు. మాస్కుల వల్ల నాకు జరిగిన మేలు అదొక్కటే.

ఇంటికొచ్చి నా ప్లాను ప్రకటించాను. రైలు వంటింటి గుమ్మం దగ్గర లడ్డూ ఎక్కించుకుని బయల్దేరుతుంది. నడవ దాటి హాల్లోకి వస్తుంది. బొమ్మల కొలువు చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తుంది. చేసి, వచ్చిన దారినే పట్టుకుని మళ్లీ వంటింటికి వెళ్లిపోతుంది.

"వెళ్లడం, తిరగడం, అదే పట్టా మీద వెనక్కి రావడం," అంది శ్రావణి. "అంత అవసరమా?"

"భక్తులు గుడికి వెళితే ఏం చేస్తారు? ప్రదక్షిణ చేసి ఇంటికి రారా? గుడి చుట్టూ గానుగెద్దులా తిరుగుతూనే ఉంటారా?"

ఆవిడకి వేరే బాధలున్నాయి. విమానాలు లేక ఇండియా నుంచి బొమ్మలు రాలేదు. అట్టపెట్టెలు మెట్లుగా పేర్చి, మీద పట్టుచీర పరిచి, ఉన్న ఒక్క అమ్మవారి బొమ్మని పైమెట్టు మీద పెట్టింది. కింద మెట్ల మీద సూపర్‌మార్కెట్లో దొరికిన, జర్మన్లు తోటల్లో పెట్టుకునే మరుగుజ్జు బొమ్మలు గడ్డాలతో నిలబడ్డారు. వాళ్లకి కూడా బొట్లు పెట్టింది. ఆ కొలువుని గోడవార నుంచి తీసి హాలు నడిమధ్యకి లాగించాను, నా రైలు చుట్టూ తిరగాలి కదా మరి. సోఫా బాల్కనీలోకి పోయింది.

పట్టాలు వేశాను. పరీక్ష చేశాను. రైలు దివ్యంగా పోయింది. ఒకవైపు నుంచి ప్రదక్షిణ సగం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది, రెండోవైపు నుంచీ అంతే. చివరి ముక్క ఒక్కటే బిగించలేదు. ఎందుకంటారా? మంచి ముహూర్తంలో, మేఘన చేత్తో, అందరూ చూస్తుండగా బిగించాలని. రైలు పట్టాకి ముహూర్తం పెట్టిన ఇంజనీరు ప్రపంచంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

పండగ రోజు మధ్యాహ్నం క్లారా వచ్చింది. చేతులు కట్టుకుని, జడ్జిగారిలా నేల మీద కూర్చుంది. పుస్తకాల బీరువా మీద నిలబెట్టిన ఫోన్లో మా మామగారు రాజమండ్రి నుంచి చూస్తున్నారు. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు.

"లైను క్లియరేనా, అల్లుడుగారూ?" అని అడిగారు.

"మీరు పచ్చజెండా ఊపండి చాలు, మామయ్యగారూ."

రవ్వలడ్డూ పెట్టెలో కూర్చుంది. మేఘన చివరి ముక్క బిగించింది. నేను స్విచ్చి వేశాను. రైలుతో పాటు వచ్చిన చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎర్రలైటు వెలిగింది, అది కరెంటు ఆపేసిందని గుర్తు. రైలు కదల్లేదు.

"ఆంగేబరిన్," అంది క్లారా, చాలా నెమ్మదిగా.

మేఘన కింది పెదవి వణకడం మొదలైంది. అది చూసి నాలో ఉన్న కాస్త బుర్ర కూడా పనిచేయడం మానేసింది. తీశాను, వేశాను. మళ్లీ తీశాను, మళ్లీ వేశాను. ఎర్రలైటు.

శ్రావణి కొలువు ముందు చతికిలబడి, ఎడమ పట్టా మీద వేలు పెట్టి, ముగ్గులో గీత వెంట పోయినట్టు మెల్లగా పోయింది. అమ్మవారి చుట్టూ తిరిగి వచ్చి ఆగింది.

"ఏమండీ, నేను ఎడమ పట్టా మీద బయల్దేరి కుడి పట్టాలోకి వచ్చాను. ఇవి రెండూ కలవచ్చా?"

ఆగండి, ఒక్క నిమిషం. ఆ ప్రశ్న మీకు అర్థమైంది కదా? వెళ్లిన పట్టా చుట్టు తిరిగి తన మీదకే వస్తే ప్లస్ పోయి మైనస్‌కి తగులుతుంది. మీకు అర్థమైంది, ఫోన్లో మా మామగారికి అర్థమైంది, మరుగుజ్జులకీ అర్థమయ్యే ఉంటుంది. ఏ వైరు దేనికి తగలకూడదో చూసి జీతం తీసుకునే నేను ఏమన్నానో తెలుసా?

"నువ్వు పులిహోర సంగతి చూసుకో. ఇది పవర్ చాలక వచ్చిన సమస్య."

పిల్లల ట్రాన్స్‌ఫార్మర్ ఊరికే భయపడుతోందని తేల్చాను. ల్యాబు మూసేశారని ఆఫీసు వాళ్లు కారు భాగాలు పరీక్షించే పెద్ద పవర్ సప్లై నా బల్ల మీద పెట్టారు. పిల్లల రైలుకి దాన్ని ఎలా పెట్టానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. తెచ్చి తగిలించాను.

"అల్లుడుగారూ, అమ్మాయి చెప్పింది ఒకసారి చూడండి," అన్నారు మామగారు.

"ఇది బ్రాడ్‌గేజి కాదు మామయ్యగారూ," అని నాబు తిప్పాను.

రైలు కదల్లేదు. పట్టాల అతుకుల దగ్గర ప్లాస్టిక్ మెత్తబడి వంగింది. ఇంజను కింద నుంచి సన్నగా, తర్వాత లావుగా పొగ లేచింది. గదంతా కాలిన దువ్వెన వాసన. జర్మనీలో ప్రతి ఇంట్లోనూ పొగ పసిగట్టే యంత్రం ఉంటుంది. మాది అప్పటిదాకా నోరెత్తలేదు. ఇప్పుడెత్తింది. నేను తువ్వాలు పట్టుకుని సీలింగు కింద గంతులు వేస్తున్నాను. శ్రావణి నిశ్శబ్దంగా వెళ్లి ప్లగ్గు పీకేసింది, కిటికీలు తెరిచింది, పట్టుచీర అంచు వెనక్కి లాగింది.

"మా డివిజన్లో ఇలా జరిగితే ముందు డ్రైవర్ని సస్పెండ్ చేసేవారు," అన్నారు మామగారు ఫోన్లోంచి.

అప్పుడు మేఘన వైపు చూశాను. అది రైలుని చూడటం లేదు, నన్నూ చూడటం లేదు. కళ్లనిండా నీళ్లతో క్లారానే చూస్తోంది. నాకు నిజంగా సిగ్గేసింది. గుండ్రంగా తిరిగే సెట్టు కొని ఉంటే ఈపాటికి లడ్డూ అందేది, పిల్ల పరువు దక్కేది. నా గొప్ప కోసం ఐదేళ్ల పిల్లకి ఉన్న ఒక్క స్నేహితురాలిని పోగొట్టాను అనుకున్నాను.

క్లారా లేచింది. పొగలోంచి నడిచి వెళ్లి పెట్టెలోంచి లడ్డూ తీసింది. అడుగున నల్లగా మాడి ఉంది. కొరికింది, నమిలింది. మేఘనకి ఎదురుగా వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"మేఘనా," అంది జర్మన్‌లో, "ట్రైన్ లడ్డూ తెస్తుందని మాత్రమే చెప్పావు. పొగ వస్తుందని, సైరన్ మోగుతుందని, మీ నాన్న డాన్స్ చేస్తాడని చెప్పనేలేదు. నువ్వు తక్కువ చెప్పావు."

మేఘన కళ్లు తుడుచుకుంది. ఒక్కసారి నావైపు చూసి, మళ్లీ స్నేహితురాలి వైపు తిరిగింది.

"ఇవాళ చిన్నదే చేశాడు," అంది. "రేపు పెద్దది చేస్తాడు."

మర్నాడు మెట్ల మీద మాస్కులు పెట్టుకుని, ఒకరికొకరు దూరందూరంగా, వీధిలో ఉన్న పిల్లలందరూ వరసలో నిలబడ్డారు. వాళ్లందరినీ క్షమించమని అడిగి వెనక్కి పంపింది శ్రావణే. నేను పక్కగదిలో దాక్కున్నాను.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ అందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో నేను పట్టా పట్టను, ప్లగ్గు ముట్టను, పవర్ సప్లై ముఖం చూడను. ప్రతి దసరాకీ అమ్మవారి లడ్డూ నేనే పళ్లెంలో పెట్టుకుని వంటింట్లోంచి మోసుకొస్తాను, ప్రదక్షిణ చేసి అదే దారిన వెనక్కి వెళతాను. దారిలో ‘కూ’ అని కూత పెడతాను. అది కూడా శ్రావణి పచ్చజెండా ఊపితేనే.