చేపల శాఖకు చేరని ఫిర్యాదు

పందొమ్మిది వందల ముప్పైలలో నేను ఏలూరు మిషన్ బడిలో ఉపాధ్యాయుణ్ణి. సెలవుల్లో నా స్నేహితుడు రహీం గారూ నేనూ గాలాలు పట్టుకుని కొల్లేరుకు వెళ్లేవాళ్లం. ఒక రోజు దగ్గరలో పెద్ద పేలుడు వినిపించింది. వెళ్లి చూస్తే, మా చర్చి సంఘస్థుడు యోహాను రాళ్లు పగలగొట్టే మందు తూటాను నీళ్లలో పేల్చి, తేలిన చేపలు ఏరుకుంటున్నాడు. వేలెడంత చేపపిల్లలు కూడా చచ్చి తేలాయి.

"చేపల శాఖ ఆఫీసులో చెప్పేద్దామండీ మాస్టారూ," అన్నారు రహీం గారు.

సహోదరుడు తప్పు చేస్తే ముందు అతనితోనే ఒంటరిగా మాట్లాడమన్నాడు ప్రభువు. అందుకని రహీం గారిని ఆపి, యోహాను ఇంటికి వెళ్లాను. ఇద్దరం మోకరించి ప్రార్థించాం.

"ఇంక తూటాలు ముట్టుకోనండి," అని ఏడ్చాడు యోహాను.

ఆ నెలలోనే ఒక తూటా అతని చేతిలో పేలింది. కుడి చెయ్యి మణికట్టు దాకా పోయింది.

ఆసుపత్రికి చూడబోతే, "మీరు ఆఫీసులో చెప్పేసుంటే నెల్లాళ్లు జైల్లో కూర్చుని, రెండు చేతులతో వచ్చేవాణ్ణి కదండీ," అని నవ్వబోయాడు.

ప్రభువు మాటలో తప్పు లేదు. క్షమిస్తే చాలనుకున్నాను గానీ, మిగిలిన తూటాలు ఎక్కడున్నాయని అడగాలని నాకు తోచలేదు. ఆ తరువాత చర్చిలో ప్రభు బల్ల దగ్గర అతను ఎడమ చెయ్యి చాపి రొట్టె అందుకునేటప్పుడల్లా నేను కళ్లు మూసుకునేవాణ్ణి. ప్రార్థిస్తున్నాననుకునేవారు అందరూ.