నాలుగు నిమిషాలు

సౌదీ దమ్మామ్‌లోని స్విస్ కంపెనీ యార్డులో ఫిట్టర్ రాజలింగం రోజూ మొహం గంటు పెట్టుకునే అడుగుపెడతాడు. మెట్‌పల్లి దగ్గరి మనిషి, యాభై ఏళ్లుంటాయి, కుడి బొటనవేలి గోరు నల్లబడిపోయింది. ప్రతి స్పానరూ బోర్డు మీద గీసిన దాని బొమ్మలోనే ఉండాలని స్విస్ వాళ్లు నేర్పారు. ఇప్పుడు క్యాంపు గదిలో చెంచా పక్కకు జరిగినా తిడతాడు. పొద్దున ఆరింటికి సూపర్‌వైజర్ రెటో అందరికీ చెయ్యి కలిపి, పేరుపెట్టి పలకరిస్తాడు. ఆ మర్యాదంటేనే రాజలింగానికి ఒళ్లుమంట. చెక్‌పోస్టులో క్యాంపు బస్సు ఆగి నాలుగు నిమిషాలు ఆలస్యమైతే, అదే చేత్తో రెటో హాజరు పుస్తకంలో అతని పేరు పక్కన ‘లేటు’ అని రాస్తాడు. “బస్సు నేను నడుపుతున్ననా? ఎక్కి కూసున్నోనిదా తప్పు?” అని గదిలో తనతో ఉండే మల్లేశం మీద అరుస్తాడు.

ఎండాకాలంలో పన్నెండు నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడి రూలు. జూలైలో ఒకరోజు పన్నెండయ్యేసరికి పంపుకు ఇంకా రెండు బోల్టులు మిగిలాయి. “నాలుగు నిమిషాలు, ప్లీజ్,” అన్నాడు రెటో. రాజలింగం స్పానర్ తీసుకెళ్లి దాని బొమ్మలో తగిలించాడు. “నో సార్. టైమ్ ఈజ్ టైమ్,” అన్నాడు. రెటో అరిస్తే పదేళ్ల కడుపుమంటా కక్కేద్దామని పిడికిళ్లు బిగించి నిలబడ్డాడు. రెటో గడియారం చూసుకుని, “కరెక్ట్,” అని నీడలోకి వెళ్లిపోయాడు.

మర్నాడు బస్సు ఆరు దాటి నాలుగు నిమిషాలకు చేరింది. రెటో నవ్వుతూ చెయ్యి కలిపి, “గుడ్ మార్నింగ్, రాజలింగం,” అని పుస్తకం తెరిచాడు.