హీబ్రూ తరగతిలో చోటు

ఉప్పు సత్యాగ్రహం జరిగిన మరుసటి ఏడు, వానలు వెనకబట్టే కాలంలో, మా బావా నేనూ బొంబాయిలో ఓడెక్కాము. బావ అంటే మా మేనత్త కొడుకు, నా మొగుడు. ఆయనది జమ్మలమడుగు. తాత కాలం దాకా మగ్గం మీద బతికిన ఇల్లు. తాతే క్రైస్తవంలో కలిశాడు. బావ మిషన్ బడిలో చదివి, అక్కడే పంతులై, తర్వాత పాస్టరు చదువు కూడా పూర్తిచేశాడు. తెలుగు పాత నిబంధనను హీబ్రూ మూలంతో మళ్ళీ సరిచూసే పని ఒకటి మొదలవుతుందని, దానికి హీబ్రూ తెలిసిన తెలుగువాడు ఒకడైనా ఉండాలని దొరలు అనుకున్నారు. బావను స్కాట్లండుకు పంపుతామన్నారు. పెళ్ళాన్ని కూడా తీసుకుపొమ్మన్నారు. పాస్టరు భార్య నాలుగు పనులు నేర్చుకుని వస్తే ఊళ్ళో ఆడవాళ్ళకు పనికొస్తుందని వాళ్ళ ఉద్దేశం.

నేను పుట్టిందీ పెరిగిందీ కర్నూలులో. మా నాయన అక్కడ ఆసుపత్రిలో కాంపౌండరు. మేమున్న సందులో మా ఇల్లు ఒక్కటే తెలుగిల్లు, మిగతావన్నీ సాయిబుల ఇళ్ళు. పక్కింటి సాయిబుల పిన్ని, మేమంతా ఖాలా అని పిలిచే ఆమె, మధ్యాహ్నం పూట ఆడపిల్లలను కూర్చోబెట్టి ఖురాను చదవడం, ఉర్దూ రాయడం నేర్పేది. మా అమ్మ నన్ను కదలకుండా కూర్చోబెట్టడానికి చోటు దొరికిందని అక్కడికి పంపేది. ఖురాను నాకు చెప్పలేదు గానీ, వింటూ కూర్చోవద్దని కూడా అనలేదు. అట్లా పలక మీద కుడి నుంచి ఎడమకు రాయడం, గొంతు లోపలి నుంచి కొన్ని అక్షరాలు పలకడం నాకు చిన్నప్పుడే వచ్చాయి. వాటితో నాకెప్పుడైనా అవసరం పడుతుందని ఎవరూ అనుకోలేదు.

మేము దిగిన ఊరు అంతా నల్లరాతి ఊరు. మధ్యాహ్నం మూడు దాటితే చీకటి. రెండో అంతస్తులో ఒక గది, అందులో గ్యాసు పొయ్యి, కిటికీ పక్కన ముఖం కడుక్కునే తొట్టి. పొద్దున్నే బావ కోటు తొడుక్కుని కాలేజీకి పోయేవాడు. నేను వారానికి రెండు మార్లు చర్చి హాలుకు పోయి అక్కడి అమ్మగార్ల దగ్గర స్వెట్టరు అల్లడం, పుండుకు కట్టు కట్టడం నేర్చుకునేదాన్ని. జమ్మలమడుగు ఎండలో స్వెట్టరు ఎవరు వేసుకుంటారని అడగాలని ఉండేది. అడగలేదు.

సాయంత్రం బావ వచ్చి పొయ్యి ముందు కూర్చుని ఆ రోజు జరిగింది చెప్పేవాడు. ప్రొఫెసరు గడ్డం తెల్లదని, మాట మెత్తదని, కోపం వస్తే కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెడతాడని చెప్పేవాడు. క్లాసులో పదిమందికి పైగా ఉన్నారట, అందరూ పాస్టర్లు కావలసిన మగపిల్లలే. ఒక్క అమ్మాయి మాత్రం ఉందట. ఆ అమ్మాయి తండ్రి కూడా పాస్టరే. బావకు ఆమె పక్కనే చోటు దొరికింది.

మొదటి వారం ఆ అమ్మాయి మాట ఒకసారి వచ్చింది. రెండో వారానికి రోజూ రావడం మొదలైంది. ఆ అమ్మాయి ఇట్లా అడిగింది, ప్రొఫెసరు మెచ్చుకున్నాడు, ఆ అమ్మాయి నాకు నోట్సు చూపించింది. నేను సూదులు ఆడిస్తూ వినేదాన్ని. నా లోపల ఏదో మండేది. కర్నూలులో ఎండాకాలం మిద్దె మీద రాయి వేడెక్కినట్టు, పైకి ఏమీ కనపడకుండా మండేది.

అక్షరాలు గుర్తుండాలని బావ ఒక అట్టముక్క మీద వాటిని పెద్దగా రాసుకుని, గడ్డం గీసుకునేటప్పుడు చూడటానికి తొట్టి పైన గోడకు తగిలించాడు. ఆ తొట్టిలోనే నేను గిన్నెలు తోమేది. రోజూ గిన్నెలు తోముతూ, పొద్దున బావ గట్టిగా వల్లించింది తలుచుకుంటూ ఆ అట్ట చూసేదాన్ని. అక్షరాలు వేరు, కానీ నడిచే దిక్కు నాకు తెలిసిన దిక్కే. అచ్చులేమో అక్షరం కింద చుక్కలూ గీతలూ. మన గుణింతం లాంటిదే, తలకట్టు, గుడి, కొమ్ము అని పేర్లు పెట్టుకుంటే అయిపోయింది. బావ ఒకటి ఇంకొకటిగా పొరబడే రెండు అక్షరాలు నాకెప్పుడూ పొరపాటు కాలేదు. ఒకదానికి వెనక మూల మొనదేరి ఉంటుంది, రెండోదానికి గుండ్రంగా తిరుగుతుంది. చూస్తే తెలిసిపోతుంది.

ఒక సాయంత్రం ఆయన ఆదికాండం మొదటి అధ్యాయం తీసి గట్టిగా చదువుతున్నాడు. రెండో వచనంలో దేవుని ఆత్మ అనే చోట చివరి అక్షరం ఆయన గొంతులో చిక్కుకుంది. ఎన్నిసార్లు పలికినా ‘రూవ’ అనే వచ్చింది.

"ఆ పిల్లకు ఇది శానా సులువుగా వస్తాది. వాళ్ళ భాషలో చెరువును లోఖ్ అంటారంట, దాని చివర ఇదే శబ్దం ఉండాదంట," అన్నాడు.

నేను అల్లిక ఒళ్ళో పెట్టి ‘రూవహ్’ అని పలికాను. ఖాలా చెప్పినట్టు, అద్దం మీద ఊపిరితో ఆవిరి పట్టించినట్టు. అది రూహ్ లాంటి మాటేనని, ఉర్దూలో ప్రాణాన్ని అట్లాగే అంటారని చెప్పాను. కింద రాత్రిని లైలా అన్నారు కదా, పగటిని యోమ్ అన్నారు కదా, అవి కూడా ఖాలా ఇంట్లో విన్న మాటల్లాంటివేనని చెప్పాను.

బావ నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు, ముద్దుగా నవ్వాడు. అదే నాకు ఎక్కువ మంట పెట్టింది. ఉర్దూ వేరు, ఇది వేరు, ఇది పరిశుద్ధ భాష అని చెప్పి మళ్ళీ ‘రూవ’ అని చదువుకున్నాడు. నాకు కూడా నేర్పమని అడిగితే, ముందు తనకు రానీ అన్నాడు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక హాల్లో టీ ఇచ్చారు. అక్కడ ఆ అమ్మాయిని చూశాను. పొడుగ్గా, ఎర్రజుట్టుతో ఉంది. గౌనుకు ఒక గుండీ ఊడిపోయి ఉంది, దాని సంగతి ఆమెకు పట్టినట్టు లేదు. నా చెయ్యి పట్టుకుని కుశలం అడిగింది. చెడ్డపిల్ల అయితే బాగుండునని మనసులో అనుకున్నాను. చెడ్డది కాదు. నేను కట్టుకున్న నేత చీర అంచు పట్టుకుని, ఎవరు నేశారని అడిగింది. మా ఊరి మగ్గాల వీధిలో నేశారని బావ చెప్పాడు.

ఆమె కుడిచేతి వేళ్ళకు సిరా మరకలు ఉన్నాయి. నేను వాటినే చూస్తూ నిలబడ్డాను. నా వేళ్ళ మీద ఉన్నవి సూదిపోట్లు. టీ కప్పు పట్టుకుంటే సిరా వేళ్ళు ఎంత బాగున్నాయో చెప్పలేను. నాకు పదిహేనేళ్ళప్పుడు ఆగిపోయిన చదువంతా ఆ వేళ్ళ మీద ఉన్నట్టు అనిపించింది.

అంతలో ఒక లావుపాటి పెద్దమనిషి బల్ల మీదున్న చివరి కేకు ముక్క తీసుకుని పోయాడు. ఆ అమ్మాయి ఖాళీ పళ్ళెం చూపించి, భూమి నిరాకారంగా శూన్యంగా ఉంది అనే మాటను హీబ్రూలో మెల్లగా అంది. బావ పగలబడి నవ్వాడు. ఆమె నా వైపు తిరిగి, మన్నించండి, ఇది మా క్లాసు సంగతి అని, దాని అర్థం ఇంగ్లీషులో ఓపిగ్గా చెప్పింది. ఆ మాట నాకు ముందే అర్థమైంది. నవ్వు కూడా వచ్చింది. కానీ నాకు నవ్వొస్తుందని ఎవరూ అనుకోలేదు.

గదికి వచ్చేదాకా నేను బావ వెనకనే నడిచాను. మెట్లెక్కి, తలుపు వేసి, కోటు కూడా విప్పకుండా కూర్చున్నాను.

"ఏమైంది నీకు? రోంతసేపటి నుంచి మొగం అట్ల పెట్టుకోనుండావు," అన్నాడు బావ.

ఏం లేదన్నాను. ఆయన నా ఎదురుగా వచ్చి నేల మీద కూర్చున్నాడు.

"ఆ పిల్లను చూసి కుళ్ళుకుంటాండావు. నాకు తెలుసులే. నా మనసులో అట్లాంటిది ఏమీ లేదు, ప్రమాణం చేసి చెప్తాండా."

"కుళ్ళు ఉండాది బావా, లేదని ఎవరన్నారు? నువ్వు ఆ పిల్లతో నవ్వితే నాకేమీ కాలేదు. ఆ పిల్ల ఆ బెంచీ మీద కూర్చుంటాది సూడు, దానికి నాకు కడుపు మండుతాండాది. నీ మీద కూడా మండుతాండాది. పొద్దున్నే నువ్వు పోతాంటే ఆ కోటు గుంజి పారేయాలనిపిస్తాది."

నేను లేచి తొట్టి దగ్గరికి పోయి, అట్ట వైపు చూడకుండా, మొదటి అక్షరం నుంచి చివరిదాకా అప్పజెప్పాను. తర్వాత ఆయన హీబ్రూ బైబిలు తెచ్చి మొదటి రోజు సృష్టి అంతా చదివాను. తప్పులు పోయి ఉంటాయి. ఏడుస్తూ చదివాను గనుక అవి ఏవో నాకు తెలియలేదు.

తర్వాత రెండ్రోజులు బావ మాట్లాడింది తక్కువ. ఆయనకు కష్టం కలిగింది నేను చదివినందుకా, అట్లా అన్నందుకా అని నేను అడగలేదు. క్లాసు సంగతులు చెప్పడం మానేశాడు. అది నాకు ఇంకా కష్టమైంది. వింటే మండేది, వినకపోతే ఆకలేసినట్టు ఉండేది. మూడో రోజు పొద్దున కోటు తొడుక్కుంటూ నన్ను కూడా చెప్పులు, కాదు, బూట్లు వేసుకోమన్నాడు. ప్రొఫెసరుతో మాట్లాడానని, ఆయన నన్ను చూస్తానన్నాడని చెప్పాడు.

ప్రొఫెసరు గది నిండా పుస్తకాలు, పైపు వాసన. ఆయన నన్ను కూర్చోబెట్టి ఆదికాండం తీశాడు. చదివాను. అది కంఠస్థం చేసి ఉంటుందనుకున్నాడో ఏమో, పేజీలు తిప్పి కీర్తనల్లో ఎక్కడో పెట్టాడు. అది నేనెప్పుడూ చూడలేదు. అర్థం తెలిసింది అక్కడక్కడా రెండు మూడు మాటలకే. కానీ అక్షరం తర్వాత అక్షరం, చుక్క తర్వాత చుక్క, నెమ్మదిగా చదువుకుంటూ పోయాను. గొంతులో పలికే అక్షరాలు వచ్చినచోటల్లా ఆయన చెయ్యెత్తి ఆపి మళ్ళీ పలికించుకున్నాడు. ఇది ఎవరు నేర్పారని అడిగాడు. కర్నూలులో మా పక్కింటామె అని చెప్పాను. పాతకాలంలో బహుశా ఇట్లాగే పలికి ఉంటారని, తామంతా తప్పే పలుకుతున్నామేమోనని బావతో అన్నాడు. బావ కిటికీ వైపు చూశాడు.

రిజిస్టరులో నా పేరు ఎక్కించడానికి వీల్లేదని ప్రొఫెసరు చెప్పాడు. నేను విద్యార్థిని కాను, ముందు చదువు సర్టిఫికెట్లూ లేవు. వెనక బెంచీ మీద కూర్చుని వినవచ్చు, అంతే. అంతే చాలన్నాను. అప్పటికి అది నిజంగానే చాలనిపించింది.

మరునాడు క్లాసుకు పోయాను. ఎర్రజుట్టు అమ్మాయి లేచి వెనక్కు వచ్చి నా పక్కన కూర్చుంది. తన పుస్తకం మధ్యలో పెట్టింది. మిగతా పిల్లలు తిరిగి తిరిగి చూశారు. ప్రొఫెసరు ఒక వాక్యం ఇచ్చి బావను చదవమన్నాడు. ఆయన పాత రెండక్షరాల దగ్గరే పొరబడ్డాడు. నా పెదవులు వాటంతటవే సరైన మాట పలికాయి, శబ్దం బయటికి రాలేదు. పక్కనున్న అమ్మాయి అది చూసి మోచేత్తో నన్ను పొడిచి నవ్వింది. ఆ రోజు ఇంటికి పోయేటప్పుడు బావ నాకంటే నాలుగడుగులు ముందు నడిచాడు. వంతెన దగ్గర ఆగి నేను వచ్చేదాకా నిలబడ్డాడు.

"ఇంట్లో నాకు చెప్పు. క్లాసులో మాత్రం నోరు కదపాక," అన్నాడు.

సరేనన్నాను. అప్పటి నుంచి రోజూ సాయంత్రం పొయ్యి ముందు ఇద్దరం కూర్చునేవాళ్ళం. ఆయనకు వ్యాకరణం బాగా పట్టుబడింది, క్రియ ఎట్లా మారుతుందో నాకంటే ముందు ఆయనే పట్టుకునేవాడు. మాటలు గుర్తుపెట్టుకోవడం నాకు సులువు. ఆయన చెప్పింది నేను వినేదాన్ని, నేను చెప్పింది ఆయన కొంచెం కష్టపడి వినేవాడు. స్వెట్టరు సగంలోనే ఆగిపోయింది.

కుళ్ళు మాత్రం పోలేదు. చోటు దొరికితే పోతుందనుకున్నాను. క్రిస్మసు ముందు పరీక్ష జరిగింది. అందరూ లోపల రాస్తుంటే నేను బయట వరండాలో చలికి చేతులు రుద్దుకుంటూ కూర్చున్నాను. బావ పాసయ్యాడు. మొదటి స్థానం ఆ అమ్మాయికి వచ్చింది, తోలు అట్ట వేసిన పుస్తకం బహుమానమిచ్చారు. ఆమె దాన్ని తెచ్చి ముందు నాకే చూపించింది. అట్ట మీద చెయ్యి పెట్టి, బాగుందన్నాను. బాగుంది కూడా. ఆ ప్రశ్నలన్నీ తర్వాత బావ చెప్పాడు. ఒక్కటి తప్ప అన్నీ నాకు వచ్చు. ఆ ఒక్కటీ వచ్చి ఉంటే ఇంకా మండేదేమో.

రెండేళ్ళకు జమ్మలమడుగుకు తిరిగి వచ్చాము. మూలంతో సరిచూసే పని ఏవేవో కారణాలతో వాయిదా పడింది. బావను పల్లెలకు పాస్టరుగా పంపారు. కరువులు, కలరా, కోర్టు తగాదాలు, వీటి మధ్య ఆయన హీబ్రూ మెల్లగా చెదిరిపోయింది. నేను మాత్రం పొయ్యి మీద సంగటి ఉడికేలోపల ఒక కీర్తన చదువుకునేదాన్ని. ప్రసంగం రాసుకుంటూ ఆయన బయటి నుంచి కేక వేసేవాడు. ఈ మాటకు మూలంలో ఏముండాదని అడిగేవాడు. నేను ఉన్నచోటి నుంచే చెప్పేదాన్ని. దానిని ఆదివారం ఆయన అందరిముందు చెప్పేవాడు, "మా ఇంట్లో ఆమె చెప్పింది" అని కూడా అనేవాడు. జనం అది సరదా మాట అనుకుని నవ్వేవాళ్ళు.

కొన్నేళ్ళ తర్వాత ఆ ఎర్రజుట్టు అమ్మాయి ఉత్తరం రాసింది. అదే కాలేజీలో తనను హీబ్రూ చెప్పడానికి తీసుకున్నారట. ఆడమనిషి ఆ పనిలోకి రావడం అక్కడ కొత్త. మొదటి క్లాసులో నన్ను తలుచుకున్నానని, గొంతులో పలికే అక్షరాలు నేను పలికినట్టే పిల్లలకు నేర్పుతున్నానని రాసింది.

బావ ఉత్తరం చదివి సంతోషించాడు. నేనూ సంతోషించానని జవాబు రాశాను. ఆ వారమంతా మగ్గాల వీధిలో ఎవరు పలకరించినా ముక్తసరిగా జవాబిచ్చాను. సంగటి రెండుసార్లు మాడింది. మాడిందని ఆయన అనలేదు, అడుగు గోకి పెట్టమని అడిగి తిన్నాడు.